లేని లామా

ఎత్తైన కొండల మీది పుక్యుపాంపాలో పుట్టినవాళ్ళకు ఎత్తు జబ్బు రాదని ఊళ్ళో అందరి నమ్మకం. తలనొప్పి, వాంతులు, నీలంగా మారే పెదాలు, ఇవన్నీ రంగురంగుల చేతికర్రలు పట్టుకుని వచ్చే విదేశీయుల కోసం దేవుడు విడిగా తయారుచేసిన రోగాలు. ఎక్కడో సముద్రం పక్కన పుట్టినందుకు వాళ్ళు అనుభవించాలి, మనకేం? అందుకే, ఏళ్ళ తరబడి కింద వేడి లోయలో బతికి సొంత ఊరికి తిరిగొచ్చిన లియొనార్దా యపూరా, లారీ దిగి నాలుగడుగులు వేసి, మేనత్త ఇంటి గోడ చాటున కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కుకున్నప్పుడు, ఈ సంగతి చచ్చినా ఎవరికీ చెప్పకూడదని అక్కడే అనుకుంది.

"ఏమైందే?" అంది మేనత్త కసిమీరా గుమ్మంలోంచి.

"దారిలో చేప తిన్నానత్తా. పాడైపోయిందేమో."

"ఇంటికొస్తూ బజారు చేప తింటారటే ఎవరన్నా? లోయలోకి పోయి బుర్ర కూడా అక్కడే పారేసుకున్నావా?" అంటూ అత్త లోపలికి పోయి, మూన్యా ఆకు కషాయం కాచి తెచ్చి ఇచ్చింది.

లియొనార్దా పెళ్ళి చేసుకుని కాఫీ తోటల లోయకు వెళ్ళినప్పుడు పంతొమ్మిదేళ్ళది. తోటకు తెగులు పట్టడం, మొగుడు ఇంకొకతెతో వెళ్ళిపోవడం ఒకే ఏడు జరిగాయి. రెండిట్లో తనను ఎక్కువ ఏడిపించింది తోటే అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతుంది. కూలికి వెళ్తే సాయంత్రానికి డబ్బులు చేతిలో పెట్టేవారు, అంతటితో ఆ రోజుకు ఆమె ఎవరికీ ఏమీ కాదు. అలా ఎంతకాలమని? తండ్రి పోయాక తాళం పడిన ఇల్లు గుర్తొచ్చింది, మూట కట్టుకుని వచ్చేసింది.

అయితే పుక్యుపాంపాలో గోడలూ కప్పూ ఉన్నంత మాత్రాన ఇల్లు ఊరి లెక్కలోకి రాదు. ఇన్కా రాజుల కాలంలో వేసిన రాతిబాట ఊరి మధ్య నుంచి మొదలై యానకాకా కనుమ దాకా ఎక్కుతుంది. వానలు వెనకపట్టాక, విదేశీయుల నడక గుంపులు రాకముందు, ఇంటికొకరు చొప్పున పారా పలుగూ పట్టుకుని ఆ బాట బాగుచేసుకుంటూ పైదాకా పోవాలి. పైన కనుమ మీద బాటపెద్ద నిలబడి ఒక్కో ఇంటి పేరు పిలుస్తాడు. అక్కడ నిలబడి పలికిన ఇల్లే ఇల్లు. ఆ ఇంటికే ఆ ఏడాది నడక గుంపుల్లో వంటకో మోతకో వంతు వస్తుంది, ఊరి భూమిలో దుంపలు వేసుకునే చెక్క దొరుకుతుంది, ఊరి సభలో నోరు తెరిచే హక్కు ఉంటుంది. కింద కూర్చుని "నేనున్నానుగా" అంటే చెల్లదు. యపూరా ఇల్లు పలికి చాలా ఏళ్ళయింది. ఈసారి కూడా పలకకపోతే ఆ వంతు రుఫీనా తమ్ముడికి ఇచ్చేద్దామని సభలో అనుకున్నారు.

ఈ రుఫీనా ఎవరో కాదు, లియొనార్దా పెద్దమ్మ కొడుకు పెళ్ళాం. లియొనార్దా వచ్చిన దగ్గర్నుంచీ ఆమెను "మీరు, తమరు" అని మన్నిస్తూ చంపుతోంది. పలకరించడానికి వెళ్తే పీట వేస్తుంది, పీట మీద గొర్రెతోలు పరుస్తుంది, దుంపల్లో పెద్దవి ఏరి పెడుతుంది. చెయ్యి సాయం చేస్తానంటే "అయ్యో, మీరెందుకండీ, కూర్చోండి" అంటుంది. ఎవరన్నా మొహం మీద తిట్టినా లియొనార్దాకు అంత బాధ వేసేది కాదు.

మొత్తం మీద ఆమె చేయవలసింది ఒక్కటే. ఆ రోజు కనుమ దాకా ఎక్కాలి, కక్కుకోకుండా నిలబడాలి, పలకాలి. ఊరి చివర మడుల దాకా ఒకసారి ఎక్కి చూసింది. తలలో ఎవరో డోలు వాయిస్తున్నట్టయింది. గొర్రెల దొడ్డి గోడకు ఆనుకుని కూలబడితే, గోడకు అవతల మాటలు వినిపించాయి. తొందరపడి ముందే వచ్చిన ఒక విదేశీ గుంపుకు కుర్ర గైడు పాఠం చెబుతున్నాడు.

"పగలు పైకి ఎక్కండి, రాత్రికి కిందికి దిగి పడుకోండి. మర్నాడు ఇంకొంచెం పైకి, మళ్ళీ కిందికి. నీళ్ళు బాగా తాగండి. ఒంటికి కొండను కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. ఇక్కడ పుట్టినవాళ్ళకైతే ఇవేమీ అక్కర్లేదనుకోండి."

ఇక్కడ పుట్టినామె గోడ ఇవతల ఊపిరి బిగబట్టి ప్రతి మాటా వింది. తన కొండ తను ఎలా ఎక్కాలో పరాయివాళ్ళకు చెప్పే పాఠం దొంగచాటుగా విని నేర్చుకోవలసి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. అయినా పాఠం మాత్రం నచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే, పుక్యుపాంపాలో పని లేకుండా కొండెక్కేది విదేశీయులూ పిచ్చివాళ్ళూ మాత్రమే. మోతకూ ఉన్నికీ పెంచే లామాల మందలన్నీ ఈ కాలంలో కింద వాగు పక్కనే మేస్తాయి. వంటచెరకుకని చెబుదామంటే పైన పుల్ల కూడా దొరకదు. మర్నాడు పొద్దున్నే నీళ్ళు తాగి, నాలుగు గింజలు మూటకట్టుకుని బయల్దేరితే, కుళాయి దగ్గర రుఫీనా ఎదురైంది.

"ఇంత పొద్దున్నే ఎక్కడికండీ ప్రయాణం?"

"లామా తప్పిపోయింది వదినా," అంది లియొనార్దా. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు.

"మీ కసిమీరా అత్తగారివన్నీ వాగు దగ్గరే ఉన్నాయిగా? ఇందాకే చూశాను."

"వాటిల్లోది కాదు. నాది. వస్తూ సంతలో కొన్నాను. కనుమ అవతలి ఊరిదట. తాడు తెంపుకుని పాత మేత వెతుక్కుంటూ పైకి పోయింది."

"అయ్యయ్యో! పేరేమిటి? కనిపిస్తే పిలవాలిగా."

లియొనార్దా చేతిలో దారి తిండికని అత్త బుట్టలోంచి తీసుకున్న చూన్యో ఉంది. మంచులో ఆరబెట్టిన నల్లటి ముడతల బంగాళాదుంప. "చూన్యో," అంది.

"నల్లగా ఉంటుందా?"

"నల్లగానే. చిన్నది. కొంచెం ముడతలుగా ఉంటుంది."

ముడతల లామా ఎక్కడైనా ఉంటుందా అని రుఫీనా అడగలేదు గానీ, ఒక్క క్షణం ఎగాదిగా చూసింది. సాయంత్రం అత్తకు కూడా అదే కథ చెప్పవలసి వచ్చింది.

"లామా కొన్నావా? నాతో అననేలేదేం?"

"తెచ్చి చూపిద్దామనుకున్నానత్తా. ఈలోపు పారిపోయింది."

కసిమీరా ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, సూపు కలపడానికి లేచింది.

అలా లియొనార్దా రోజూ ఎక్కింది. మొదట కూలిపోయిన రాతిగుడిసె దాకా. అక్కడ కూర్చుంటే కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరిగేవి, ఆయాసం తగ్గడానికి నమిలే కోకా ఆకులు బుగ్గన పెట్టుకుని, చుక్కలు తగ్గేదాకా ఆగి దిగివచ్చేది. తరువాత చెరువు దాకా. చెరువు దగ్గర ఒకరోజు మళ్ళీ కక్కుకుని, బాతులు తప్ప ఎవరూ చూడలేదని తృప్తిపడింది. అరికాళ్ళ కింద ఆ పాత రాళ్ళు నున్నగా, చల్లగా తగిలేవి. చిన్నప్పుడు ఈ మెట్ల మీద పరుగెత్తింది తనేనా అనిపించి కోపం వచ్చేది. కోపంతో ఇంకో పది మెట్లు ఎక్కేది. ఒకరోజు చెరువు దాటాక గానీ డోలు మొదలవలేదు. ఆ సాయంత్రం దిగుతూ చాలాకాలం తరువాత కూనిరాగం తీసింది.

ఆ సంతోషం ఇంటిదాకా కూడా నిలవలేదు. అత్త వాకిట్లో బాటపెద్ద నికనోర్ కూర్చుని ఉన్నాడు, వెనక రుఫీనా, ఇంకో పదిమంది. నికనోర్ ఆమె తండ్రికి స్నేహితుడు, మాట మెత్తన, పట్టు గట్టి.

"అమ్మాయీ, ఇంత కష్టం వస్తే మాతో ఒక్క మాట చెప్పవేం?" అన్నాడు. "రుఫీనా చెబితే గానీ తెలియలేదు. ఒక్కదానివే ఇన్నాళ్ళుగా కొండంతా తిరుగుతున్నావట! రేపు మేమందరం వస్తాం."

లియొనార్దా చప్పున అడ్డుపడింది. "వద్దు మామా! మీ పనులు చెడగొట్టుకుని ఎందుకు? పోతే పోయిందిలే."

"పోతే పోయిందా?" నికనోర్ నొచ్చుకున్నాడు. "లామా అంటే కోడిపిల్లా? ఇవాళ నీకు మేం, రేపు మాకు నువ్వు. ఊరన్నాక అంతేగా."

ఆ రాత్రి ఆమె తప్పించుకునే దారులన్నీ వెతికింది. చచ్చిపోయి కనిపించిందని చెబుదామంటే, తోలేదీ అంటారు. తోలు సరే, మాంసం మాటేమిటి, అందరికీ తలా ముక్కా పంచాలి కదా అంటారు. ఎవరో దొంగిలించారని చెబుదామంటే, కనుమ అవతలి ఊరి మీదికి కర్రలు పట్టుకుని పోతారు. దొరికిందని చెబుదామంటే చూపించమంటారు. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది, అసలు తోక ఉన్న జంతువే లేదాయె.

మర్నాడు ఊరు ఊరంతా కొండ మీదికి పరుచుకుంది. "చూన్యో! చూన్యోఓ!" అని ఈ గట్టు మీంచి ఒకరు, ఆ గట్టు మీంచి ఒకరు. వినేవాళ్ళెవరన్నా ఉంటే, ఈ ఊరికి కరువొచ్చి ఎండుదుంపల కోసం ఏడుస్తోందనుకుని ఉంటారు. అందరికంటే గట్టిగా అరిచింది లియొనార్దాయే. అరవకపోతే అనుమానం వస్తుందని భయం, అరుస్తుంటే నవ్వొస్తుందని భయం. ఆ మర్నాడు కూడా వచ్చారు. పాపం ఒక ముసలాయన మోకాలు పట్టేసినా వచ్చాడు. ఆయన్ను చూసి ఆమెకు నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. లామా కోసం ఏడుస్తోందనుకుని ఆయనే ఆమెను ఓదార్చాడు.

"ఎల్లుండి ఎలాగూ బాటపని," అన్నాడు నికనోర్ రెండో సాయంత్రం. "బాగుచేస్తూ వెతుకుదాం. దొరక్కపోతే పైన కొండతండ్రికి ఆకులు పెట్టి అడుగుదాం. ఆయన మందే కదా మన మందలన్నీ, ఎక్కడుందో ఆయనకు తెలీదా?"

ఇది విన్నాక లియొనార్దాకు తలనొప్పి సంగతే గుర్తు లేదు. మనుషులతో అబద్ధమాడడం ఒక ఎత్తు, కొండతో ఆడడం ఒక ఎత్తు. యానకాకా మీదున్న కొండదేవుడు, ఆ తండ్రి, ప్రతి లామానూ ఎరుగును. తప్పిపోయింది వెతికిపెట్టమని అడిగితే ఆయన మందంతా చూసుకుంటాడు. ఏదీ తప్పిపోలేదని తెలిస్తే, నన్ను ఆటపట్టిస్తారా అని ఉన్నదాన్నే ఒకదాన్ని పట్టుకుపోతాడు. పోయేది ఎవరిది? కసిమీరా అత్తది. ఆ నాలుగు జంతువులు తప్ప ఆ ముసలమ్మకు ఏముంది?

బాటపని రోజు తెల్లవారుతూనే బయల్దేరారు. ఒకరు కాలవలో మట్టి తోడుతుంటే ఇంకొకరు జారిపోయిన మెట్టురాయి ఎత్తి కూర్చోబెట్టారు. కసిమీరా తన సొంతింటి తరఫున, అంటే పోయిన మొగుడి ఇంటి తరఫున, వీపున మొక్కజొన్న కల్లు కుండ కట్టుకుని అందరికంటే ముందు నడిచింది. లియొనార్దా పార పట్టుకుని వంచిన తల ఎత్తకుండా పనిచేసింది. గుడిసె వచ్చింది, వెళ్ళింది. చెరువు వచ్చింది, వెళ్ళింది. ఆమె మనసులో మాత్రం అత్త లామాలు నాలుగూ వరసగా నిలబడి తననే చూస్తున్నాయి.

"ఏమండీ, అలసిపోయారా? కాసేపు కూర్చోండి," అంది రుఫీనా పక్కనుంచి.

"పని చెయ్యనీ వదినా," అని కసిరింది లియొనార్దా.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు నికనోర్ అందరినీ ఆగమన్నాడు. రాళ్ళు పేర్చిన గుట్ట పక్కన, గాలికి ఎగిరిపోకుండా గుడ్డ పరిచి నాలుగు వైపులా రాయి పెట్టాడు. మచ్చలేని కోకా ఆకులు మూడు ఏరి, వేళ్ళ మధ్య విసనకర్రలా పట్టుకుని ఆమె ముందు చాపాడు.

"పేర్లు పిలిచే ముందు నీ పని చూద్దాం. లామా పేరు చెప్పి కొండ వైపు ఊదమ్మా."

అందరూ టోపీలు తీశారు. మోకాలు పట్టేసిన ముసలాయన కూడా తీశాడు. లియొనార్దా ఆకులు అందుకుంది. పెదాల దాకా తెచ్చింది. ఎంత ప్రయత్నించినా ఊపిరి బయటికి రాలేదు.

"లేదు," అంది.

"ఏం లేదు?"

"లామా లేదు మామా. ఎప్పుడూ లేదు. నేను కొనలేదు." ఇక ఆగలేకపోయింది. "నాకు ఎత్తు జబ్బు పట్టింది. లారీ దిగిన రోజే పట్టింది. విదేశీవాళ్ళలాగా రోజూ కొంచెం కొంచెం ఎక్కి అలవాటు చేసుకుందామని ఆ మాట పుట్టించాను. మీరందరూ వస్తారనుకోలేదు. తండ్రీ," అని కొండ వైపు తిరిగింది, "తప్పు నాది. కసిమీరా అత్త మంద జోలికి రాకు. ఏం చేసినా నన్ను చెయ్యి."



"నాకు ఆ రోజే తెలుసు," అంది కసిమీరా కుండ దించుతూ. "కక్కినదాంట్లో చేపముల్లు ఒక్కటి లేదు."

"మరి అడగలేదేం అత్తా?"

"అడిగితే సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటావు. ఎక్కుతోందిగా, ఎక్కనీ అనుకున్నా. ఊరందర్నీ కొండెక్కిస్తావని నాకేం తెలుసు?"

"రెండు రోజులు!" రుఫీనా గొంతు చించుకుంది. "రెండు రోజులు చూన్యో చూన్యో అని అరిచి నా గొంతు పోయింది! పక్కలోయలో మా అక్క విని, ఆకలేస్తోందా అని కబురు పెట్టింది! ఇంత అబద్ధం ఆడినామెను పిలుస్తారా బాటపెద్దా?"

నికనోర్ లియొనార్దాను పరీక్షగా చూస్తూ, "ఇప్పుడు తల నొప్పిగా ఉందా?" అన్నాడు.

లియొనార్దా తల తడుముకుంది. డోలు లేదు. చుక్కలు లేవు. కడుపు నిమ్మళంగా ఉంది, పైగా ఆకలి కూడా వేస్తోంది. అప్పుడు చుట్టూ చూసింది. బాట ఇక పైకి పోవడం లేదు. రాళ్ళగుట్టకు అవతల అది కిందికి దిగుతోంది, ఆ దిగువన ఇంకో లోయ, ఇంకెవరివో చేలు. ఆమె నిలబడి ఉన్నది యానకాకా కనుమ మీద. ఎప్పుడు చేరిందో గమనించనే లేదు. ఇన్ని రోజుల భయం ఒక్కసారిగా దిగిపోయేసరికి పారకు ఆనుకుని నిలబడింది.

"లేదు మామా," అంది ఆశ్చర్యంగా. "ఏమీ లేదు."

"సరే అయితే." నికనోర్ ఆకులు తిరిగి తీసుకుని, ఊరందరి తరఫునా తనే ఊది గుట్టలో పెట్టాడు. తరువాత లేచి నిలబడ్డాడు. "నేను పేర్లు పిలుస్తాను. ఇక్కడ నిలబడి పలికితే పలికినట్టే. ఎలా ఎక్కావని ఈ బాట ఎవర్నీ అడగదు. నేనూ అడగను."

ఒక్కో ఇంటి పేరూ పిలిచాడు. ఒక్కో గొంతూ పలికింది. కసిమీరా తన ఇంటికి పలికింది. చివరికి నికనోర్ కొంచెం ఆగాడు. ఈ పేరు దగ్గర ఆయన ఏటా పిలిచి, కాసేపు చెవొగ్గి విని, ఆ తరువాతే టోపీ పెట్టుకునేవాడు.

"యపూరా!"

"ఉన్నాను." గాలి హోరులో ఆ మాట ఆమెకే వినిపించలేదు. గాలి పీల్చుకుంది, ఆ పలుచటి గాలి గుండె నిండా దిగింది. "ఉన్నాను! యపూరా ఇల్లు ఉంది!"

కసిమీరా ముక్కు చీదుకుని, కుండలోంచి కల్లు వంచడం మొదలుపెట్టింది. మొదటి గిన్నె కొండకు ఒంపి, రెండోది లియొనార్దా చేతికిచ్చింది. అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు ఎవరికి ముందు వచ్చిందో గానీ, మోకాలు పట్టేసిన ముసలాయన "చూన్యోఓ!" అని ఒక్క అరుపు అరిచేసరికి కనుమంతా పగలబడి నవ్వింది. ఏడుస్తూ నవ్వుతూ లియొనార్దా కల్లు సగం ఒలకబోసుకుంది.

"నవ్వండి, నవ్వండి," అంది రుఫీనా. ఆమె మాత్రం నవ్వలేదు. నడుము మీద చేతులు వేసుకుని వచ్చి లియొనార్దా ఎదురుగా నిలబడింది. "నా రెండు రోజులూ నాకు రావాలి. లామా ఉన్నా లేకపోయినా నా కాళ్ళు అరిగాయి. రేపటి నుంచి నా చేలో దుంపలు తవ్వడం."

"రుఫీనా తరువాత మా గొర్రెల ఉన్ని కత్తిరింపు," అన్నారు ఎవరో.

"మా దొడ్డిగోడ సంగతి మర్చిపోకు," అన్నాడు ముసలాయన.

లియొనార్దా ఒక్కొక్కరి మొహం చూస్తూ అందరికీ తలూపింది. లోయలో ఇన్నేళ్ళలో ఏ ఒక్కరూ రేపు రమ్మని ఇలా దబాయించలేదు. కళ్ళు తుడుచుకుని రుఫీనా వైపు తిరిగింది.

"తెల్లారేసరికి వస్తాను వదినా. ఒక పార ఇయ్యి, చాలు."

"నీ పార నువ్వే తెచ్చుకో," అంది రుఫీనా. "చుట్టపుచూపుగా వస్తున్నావా ఏం?"